ఎన్నికల సంఘంలో ఉద్యోగం: దారి రెవెన్యూ ఆఫీసు మీదుగా

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఫైనలియర్. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదువుతోంది. 2024లో మొదటిసారి ఓటేసింది. అప్పటి నుంచి చేస్తే ఎన్నికల సంఘంలోనే ఉద్యోగం చేస్తానని పట్టుబట్టింది. ఆ సంఘం సొంతంగా నోటిఫికేషన్ ఇస్తుందా? ఏ పరీక్ష రాయాలి? ఎన్నికలు ఐదేళ్లకోసారే కదా, మిగతా రోజుల్లో అక్కడ పనేం ఉంటుంది? రాజకీయ ఒత్తిళ్ల మధ్య ఆడపిల్ల నెగ్గుకు రాగలదా అని నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినాయన ఒకరు ఎన్నికల ఆఫీసులో పర్మనెంట్ పోస్టు ఇప్పిస్తానని డబ్బు అడుగుతున్నారు. ఇవ్వమంటారా?
(ఒక తండ్రి, నల్గొండ జిల్లా)

జవాబు: నమస్కారం అండి. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. జిల్లా స్థాయిలో ఎన్నికల సంఘం తనంతట తాను భర్తీ చేసుకునే పర్మనెంట్ పోస్టులంటూ లేవు. కలెక్టరేట్‌లో ఎన్నికల విభాగం చూసేవాళ్లు రెవెన్యూ ఉద్యోగులు. కంప్యూటర్ ఆపరేటర్ల వంటి కొందరిని ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు మీద పెట్టుకుంటారు. అది పర్మనెంట్ కాదు, దాన్ని పర్మనెంట్ చేయిస్తాననే మాట నమ్మదగ్గది కాదు. ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ఇక అసలు విషయం. ఎన్నికల సంఘం ఎలా నిర్మాణమైందో తెలిస్తే, మీ అమ్మాయి ఏ పరీక్ష రాయాలో సగం దానంతటదే తేలిపోతుంది. చాలామంది పిల్లలు ఇక్కడే పొరబడుతున్నారు. బ్యాంకుకో రైల్వేకో ఉన్నట్టు ఈ సంఘానికీ ఊరూరా సొంత సిబ్బంది ఉంటారని అనుకుంటారు. నిజానికి దానికి సొంత మనుషులు చాలా తక్కువ.

పైనుంచి చూద్దాం. రాజ్యాంగంలోని 324వ అధికరణ కింద 1950 జనవరి 25న ఈ సంఘం ఏర్పడింది. ఆ రోజునే 2011 నుంచి జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. దాదాపు నలభై ఏళ్లు ఆ ఒక్క కమిషనరే మొత్తం సంఘం. 1989లో మరో ఇద్దరిని వేసి, కొద్ది నెలలకే తీసేశారు. 1993 అక్టోబర్ 1న అప్పటి ప్రధాన కమిషనర్ టి.ఎన్. శేషన్‌కు తోడుగా ఎం.ఎస్. గిల్‌నూ మన తెలుగువారైన జి.వి.జి. కృష్ణమూర్తినీ నియమించాక ముగ్గురి వ్యవస్థ స్థిరపడింది. శేషన్ దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1995లో కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. ముగ్గురికీ సమాన హోదా ఉంటుందని, అభిప్రాయాలు కలవకపోతే మెజారిటీ మాటే చెల్లుతుందని తేలింది.

ఈ ముగ్గురినీ ఎవరు ఎంచుకుంటారనేది ఈమధ్య బాగా చర్చకు వచ్చిన విషయం. ఇంటర్వ్యూల్లోనూ మెయిన్స్‌లోనూ అడగదగ్గ ప్రశ్న కాబట్టి మీ అమ్మాయికి ఇది కంఠతా ఉండాలి. రాజ్యాంగం దీనికి పార్లమెంటు చట్టం చేయాలంది. డెబ్భై ఏళ్లు దాటినా ఎంపిక విధానం మీద చట్టం రాలేదు, ప్రభుత్వ సిఫార్సుతో రాష్ట్రపతి నియమిస్తూ వచ్చారు. 2023 మార్చి 2న అనూప్ బరన్వాల్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం, చట్టం వచ్చేదాకా ప్రధాని, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేయాలని చెప్పింది. అదే ఏడాది చివర్లో పార్లమెంటు చట్టం చేసింది. అందులో ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని సూచించే ఒక కేంద్ర మంత్రిని పెట్టారు. ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వైపువారే అయితే ప్రతిపక్ష నేత మాటకు విలువెంత అనే విమర్శ అప్పటి నుంచీ ఉంది. ఆ విమర్శలో బలం ఉందనే నేనూ అనుకుంటాను. మీ అమ్మాయి రెండు వైపుల వాదనలూ చదివి, తన అభిప్రాయం తాను ఏర్పరచుకోవాలి.

ఆ చట్టం ప్రకారం కమిషనర్ కావాలంటే భారత ప్రభుత్వ కార్యదర్శి హోదాలో పనిచేస్తూ ఉండాలి, లేదా పనిచేసి ఉండాలి. పదవీకాలం ఆరేళ్లు, లేదా 65 ఏళ్ల వయసు వచ్చేవరకు, ఏది ముందైతే అది. మళ్లీ నియమించడం కుదరదు. ప్రధాన కమిషనర్‌ను తొలగించాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తొలగించినంత తతంగం కావాలి. మిగతా ఇద్దరినీ ప్రధాన కమిషనర్ సిఫార్సు లేకుండా కదపలేరు. అంటే ఆ కుర్చీ నేరుగా ఏ పరీక్షా రాసి అందుకునేది కాదు. ముప్ఫై ఏళ్లకు పైబడిన సర్వీసు దాని వెనక ఉంటుంది. ఆ కుర్చీలో ఇప్పటివరకు కూర్చున్న ఒకే ఒక్క మహిళ మాత్రం తెలుగావిడే. పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్. రమాదేవి 1990 నవంబర్ 26 నుంచి డిసెంబర్ 11 వరకు, అంటే రెండు వారాలకు కాస్త పైన, ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నారు. తర్వాత హిమాచల్ ప్రదేశ్‌కూ కర్ణాటకకూ గవర్నర్ అయ్యారు. ఆవిడ ఐఏఎస్ నుంచి వచ్చినవారు కాదు, న్యాయ రంగం నుంచి వచ్చారు. లా చదివే ఆలోచన మీ అమ్మాయికి ఎక్కడైనా ఉంటే ఈ సంగతి చెప్పండి.

ముగ్గురు కమిషనర్ల కింద ఢిల్లీ అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్‌లో ఒక సచివాలయం ఉంది. పైన డిప్యూటీ ఎన్నికల కమిషనర్లు. వీళ్లు ఎక్కువగా ఐఏఎస్ లాంటి సర్వీసుల నుంచి డిప్యుటేషన్ మీద కొన్నేళ్లకు వచ్చేవారు. కింద డైరెక్టర్లు, కార్యదర్శులు, అండర్ సెక్రటరీలు, సెక్షన్ ఆఫీసర్లు, అసిస్టెంట్లు, క్లర్కులు. పని రెండు రకాలుగా పంచుకుంటారు. కొన్ని విభాగాలు రాష్ట్రాల వారీగా చూస్తాయి, కొన్ని ఓటర్ల జాబితా, పార్టీల నమోదు, న్యాయ వ్యవహారాలు, ఖర్చు, ఐటీ ఇలా విషయాల వారీగా చూస్తాయి. మొత్తం కలిపినా వందల్లోనే ఉంటారు. ఈ కింది మెట్ల పోస్టులే నికరంగా ‘సంఘం సొంత ఉద్యోగాలు’. వాటిలో కొన్ని కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ (డిగ్రీ స్థాయి), సీహెచ్‌ఎస్‌ఎల్ (ఇంటర్ స్థాయి), స్టెనోగ్రాఫర్ పరీక్షల ద్వారా నిండుతాయి. అయితే ఏ ఏడాది ఎన్ని ఖాళీలు వస్తాయో, అసలు వస్తాయో రావో ముందే చెప్పలేం. సీజీఎల్ రాసిన అభ్యర్థి ర్యాంకు, ఇచ్చిన ఆప్షన్లు కలిసొస్తేనే ఈ శాఖ దక్కుతుంది. ఉండాల్సింది ఢిల్లీలో. చేసేది ఫైళ్ల పని.

ఈ కొద్దిమందితో దేశమంతా ఎన్నికలు ఎలా జరుగుతాయంటారా? 2024 లోక్‌సభ ఎన్నికలకు దాదాపు 97 కోట్ల ఓటర్లు, పదిన్నర లక్షల పోలింగ్ కేంద్రాలు, సుమారు కోటిన్నర మంది పోలింగ్, భద్రతా సిబ్బంది, 55 లక్షల ఈవీఎంలు. ఈ కోటిన్నర మందీ అరువు మనుషులే. 324వ అధికరణలోని ఆరో క్లాజు ప్రకారం సంఘం అడిగితే రాష్ట్రపతి, గవర్నర్ సిబ్బందిని ఇవ్వాలి. మన ఇళ్లలో పెళ్లికి ఊరంతా వచ్చి వంటలు, పందిళ్లు, వడ్డనలు పంచుకున్నట్టు, ఎన్నిక వచ్చిందంటే ప్రభుత్వంలోని అన్ని శాఖల వాళ్లూ వచ్చి సంఘం పనిలో దిగుతారు. తేడా ఏమిటంటే ఇక్కడ పిలుపు వెనక చట్టం ఉంది.

మీ రాజకీయ ఒత్తిళ్ల భయానికి జవాబు ఆ చట్టంలోనే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టాలు రెండు, 1950 నాటిది ఓటర్ల జాబితాకు, 1951 నాటిది ఎన్నికల నిర్వహణకు. మొదటి దాంట్లో 13 సీసీ సెక్షన్, రెండో దాంట్లో 28 ఏ సెక్షన్ ఒకే మాట చెబుతాయి: ఈ పనిలో ఉన్నంతకాలం ఆ ఉద్యోగి ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే, దాని అదుపాజ్ఞల్లోనే పనిచేయాలి. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితాలు ప్రకటించేదాకా కలెక్టరైనా, ఎస్పీ అయినా, తహసీల్దారైనా, పోలింగ్ బూత్‌లో కూర్చున్న టీచరైనా సంఘానికే జవాబుదారీ. మంత్రి ఫోన్ చేసినా ఆ ఉద్యోగి ‘సంఘం ఆదేశం’ అని చెప్పగలగడానికి కారణం ఈ రెండు సెక్షన్లే. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే. రోజూ ప్రభుత్వం కింద పనిచేసే ఉద్యోగే, ఆ కొన్ని వారాలు ప్రభుత్వానికి లోబడకుండా పనిచేయగలుగుతారు.

ఆ రక్షణకు రెండో వైపు కూడా ఉంది, అది మీకు దాచకూడదు. 2024 మే 13 పోలింగ్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో హింస జరిగినప్పుడు పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేయించింది, పల్నాడు కలెక్టర్‌ను బదిలీ చేయించింది ఈ సంఘమే. ఓటర్ల జాబితా పనిలో విధి తప్పితే 1950 చట్టంలోని 32వ సెక్షన్ కింద మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఎన్నికల ముందు బదిలీలు కూడా తప్పవు. ఎన్నికలతో నేరుగా సంబంధం ఉన్న అధికారి సొంత జిల్లాలో ఉండకూడదు, గత నాలుగేళ్లలో ఒకేచోట మూడేళ్లు పూర్తయితే కదలాలి. తహసీల్దారుగా ఉన్న మహిళలు పిల్లల స్కూలు మధ్యలో జిల్లా మారాల్సి రావడం నిజంగా కష్టమే. అయినా ఈ పని మన రాష్ట్రంలో ఎంతోమంది మహిళా అధికారులు చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. ‘ఆడపిల్ల నెగ్గుకు రాగలదా’ అన్న సందేహం మీ మనసులోంచి తీసేయండి. బదిలీలకు ఇంట్లో అందరూ సిద్ధపడాలి, అంతే.

ఇప్పుడు రాష్ట్రానికి వద్దాం. రాష్ట్రంలో సంఘం ముఖం సీఈవో, అంటే ప్రధాన ఎన్నికల అధికారి. రాష్ట్ర ప్రభుత్వం పంపిన పేర్లలోంచి ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిని సంఘం ఎంచుకుంటుంది. జిల్లాలో కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి. హైదరాబాద్‌లో మాత్రం ఆ బాధ్యత జీహెచ్‌ఎంసీ కమిషనర్‌ది. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గానికి ఓటర్ల నమోదు అధికారి, ఆర్డీవో హోదాలో ఉంటారు. ఆయన కింద సహాయ నమోదు అధికారులుగా తహసీల్దార్లు. ఎన్నిక వచ్చినప్పుడు రిటర్నింగ్ అధికారి నామినేషన్లు తీసుకుంటారు, పరిశీలిస్తారు, గెలిచినవారిని ప్రకటిస్తారు. లోక్‌సభ స్థానానికి సాధారణంగా కలెక్టర్, అసెంబ్లీకి ఆర్డీవో లేదా ఆ స్థాయి అధికారి. అన్నిటికీ కింద, ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి. అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో, గ్రామ స్థాయి ఉద్యోగో ఆ పని చేస్తారు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో తెలంగాణలో 3.26 కోట్ల ఓటర్లు, 35 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు. ఆ జాబితాలోని ప్రతి పేరూ ముందు ఒక బీఎల్వో చేతి మీదుగా వచ్చిందే.

అందుకే ఐదేళ్లకోసారి పని అన్న మాట సరికాదు. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 ఏళ్లు నిండినవారినే చేర్చేవారు. చట్టం మారాక 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఇలా ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి. చేర్పులు, మార్పులు, అభ్యంతరాల మీద విచారణలు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. అసలు ఎన్నికల పనిలో బరువంతా ఓటర్ల జాబితా దగ్గరే ఉందని నా అభిప్రాయం. 2025లో బిహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ చేపట్టినప్పుడు ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీసేసిన పేర్లను కారణాలతో సహా ప్రచురించమని కోర్టు చెప్పింది. పేరు పోయిన మనిషికి పోలింగ్ రోజున ఎంత పకడ్బందీ ఏర్పాట్లు ఉన్నా ఉపయోగం లేదు. మీ అమ్మాయికి ప్రజాస్వామ్యం మీద నిజమైన ప్రేమ ఉంటే, టీవీలో కనిపించే కౌంటింగ్ కంటే ఎవరూ చూడని ఈ జాబితా పనే ఆమెను నిలబెట్టాలి.

ఢిల్లీలోనూ పని ఆగదు. ఉప ఎన్నికలు, రాజ్యసభ, శాసనమండలి, రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు వస్తూనే ఉంటాయి. పార్టీ చీలితే గుర్తు ఎవరిదో తేల్చేది సంఘమే. 2023 ఫిబ్రవరిలో శివసేన పేరు, విల్లంబుల గుర్తు షిండే వర్గానికి ఇచ్చిన నిర్ణయం అలాంటిదే. ఎంపీల, ఎమ్మెల్యేల అనర్హత విషయాల్లో కొన్నింటిపై రాష్ట్రపతికీ గవర్నర్‌కూ అభిప్రాయం చెప్పేది కూడా సంఘమే.

ఒక్క తేడా మాత్రం గట్టిగా గుర్తుంచుకోమనండి. సర్పంచులు, జెడ్పీటీసీలు, మున్సిపాలిటీల ఎన్నికలు ఈ సంఘం చేయదు. వాటికి 243 కె, 243 జెడ్‌ఏ అధికరణల కింద రాష్ట్ర ఎన్నికల సంఘం విడిగా ఉంది. దాని కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ పదవి కోల్పోయారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. స్వతంత్ర సంస్థకు పదవీ రక్షణ ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

ఇదంతా చూశాక నా సలహా ఇది. మీ అమ్మాయి ‘ఎన్నికల సంఘం నోటిఫికేషన్’ కోసం ఎదురుచూడకూడదు. ఎన్నికలు లేని రోజుల్లో కూడా తనకు నచ్చే ఉద్యోగం ఏదో, అదే సమయంలో ఎన్నికల పని ఎక్కువగా దక్కే ఉద్యోగం ఏదో చూసుకోవాలి. ఆ రెండూ కలిసేది రెవెన్యూ శాఖలో. గ్రూప్-2లో నాయబ్ తహసీల్దార్, గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టర్, సివిల్స్‌లో ఐఏఎస్, మూడూ ఒకే దారిలో మూడు మెట్లు. నాయబ్ తహసీల్దారుగా చేరితే కొన్నేళ్లకు తహసీల్దారై సహాయ నమోదు అధికారి అవుతుంది. డిప్యూటీ కలెక్టర్ అయితే చిన్న వయసులోనే ఒక నియోజకవర్గానికి రిటర్నింగ్ అధికారి కావచ్చు.

గ్రూప్-2 ఆమె చదువుకు సరిగ్గా సరిపోతుంది. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600, ఇంటర్వ్యూ లేదు. రెండో పేపర్ చరిత్ర, రాజ్యాంగం, సమాజం. మూడోది ఆర్థిక వ్యవస్థ. నాలుగోది తెలంగాణ ఉద్యమం. బీఏలో చదివింది వృథా పోదు. ఒక్కటే ఇబ్బంది, కాలం. 2022 డిసెంబర్‌లో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌కు పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. రెండేళ్లు ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం ఏ పిల్లకైనా నరకం. కాబట్టి డిగ్రీ అయ్యాక ఎంఏ పొలిటికల్ సైన్స్‌లోనో ఎల్‌ఎల్‌బీలోనో చేర్పించండి. నన్నడిగితే లా వైపే మొగ్గుతాను. పరీక్షలు కలిసిరాకపోయినా చేతిలో వృత్తి ఉంటుంది, ఎన్నికల పిటిషన్లు హైకోర్టులో వాదించే లాయర్లకు ఈ చట్టాలే రోజువారీ పని. పక్కన సీజీఎల్ కూడా రాయనివ్వండి. దానికి కావాల్సిన లెక్కలు, ఇంగ్లిష్ మీద మాత్రం విడిగా కష్టపడాలి. ఢిల్లీ పంపడానికి మీ ఇంట్లో అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, ఎంపికయ్యాక కాదు.

ఉద్యోగం బయట ఉండి ఎన్నికల మీద పనిచేసే దారి కూడా ఉంది. అభ్యర్థుల కేసులు, ఆస్తుల వివరాలు ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వేసిన కేసులో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లే. హైదరాబాద్‌లో ఫౌండేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ ఉంది. ఇలాంటి చోట పరిశోధన పని జీతం కోసం కాదు, ఆసక్తి కోసం. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్లకో మాట: ఈవీఎంలు తయారుచేసేది రెండే సంస్థలు, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్), మన హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఈసీఐఎల్). ప్రతి ఎన్నికకు ముందు పార్టీల ప్రతినిధుల ఎదుట యంత్రాలను తనిఖీ చేసేది ఈ సంస్థల ఇంజినీర్లే.

ఈ ఏడాదిలో చేయదగ్గ పనులు రెండున్నాయి. ఆమె కాలేజీలో ఎలక్టోరల్ లిటరసీ క్లబ్ ఉందేమో, క్యాంపస్ అంబాసిడర్‌గా ఎవరిని పంపుతున్నారో ప్రిన్సిపాల్‌ను అడగమనండి. కొత్త ఓటర్లను చేర్పించే పనిని దగ్గరగా చూడొచ్చు. రెండోది, మీ పోలింగ్ కేంద్రం బీఎల్వో ఎవరో కనుక్కుని, ఇంటింటి పరిశీలనకు వెళ్లే రోజున ఆమెను వెంట తీసుకెళ్తారేమో అడగండి. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7, మార్పులకు ఫారం 8. ఇల్లు మారిపోయిన వాళ్లను, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లలను, చనిపోయాక కూడా జాబితాలో ఉండిపోయిన పెద్దవాళ్లను ఎలా గుర్తిస్తారో, ఎవరు అడ్డం తిరుగుతారో, ఎంత ఎండలో తిరగాలో స్వయంగా చూస్తుంది. చూసొచ్చాక ఏమందో నాకు రాయండి. గ్రూప్-2కు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అప్పుడు వివరంగా చెబుతాను.